పెద్దాయనకు చేతికర్ర

మొన్న సింగపూర్ యీషున్‌ల మా బిడ్డ ఉండే బ్లాక్ కింద ఇద్దరు పనోళ్లు ఇంటర్నెట్ తీగ వేస్తున్నరు. పసుపుపచ్చ కడ్డీ చుట్టిన పెద్ద చక్రం పక్కన నిలబెట్టుకోని, ఆ కడ్డీని గోడల ఉన్న పైపులకు తోస్తున్నరు. ఒకడు కింద తోస్తుంటే, ఇంకొకడు పై అంతస్తుల నించి "రాలే, ఇంకా రాలే" అంటున్నడు. మాట వింటే మన దిక్కోళ్లే. నేను సంచి కింద పెట్టి నిలబడ్డ.

"తాతా, ఫాస్టర్ లా, ఐస్‌క్రీమ్ మెల్టింగ్," అని మనుమరాలు చెయ్యి గుంజింది. కరిగితే కరగనీ అన్న.

పని అయిపోయి వాళ్లు మూత బిగిస్తుంటే నా నోట్లె నించి మాట దానంతట అదే వచ్చింది. "లోపల ఏమన్న వదిలిండ్రా? తీసిండ్రా?"

వాళ్లు నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూసిండ్రు. తప్పులేదు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నేను కూడ అట్లనే చూసిన. అది నా మాట కాదు, సాబ్ మాట. ఆయన పోయి నాలుగేండ్లయింది. మాట మాత్రం నాకాడ మిగిలిపోయింది.

సాబ్ పేరు రాయను. బతికుంటే వద్దనేటోడు. హైదరాబాదు ముస్లిం మనిషి, ఊరు మెదక్ దిక్కు, తెలుగు నాకంటె బాగ మాట్లాడేటోడు. కంప్యూటర్లల్ల ఏడాదిని రెండంకెలతోనే రాసి పెట్టిండ్రు, తొంభై తొమ్మిది దాటితే సున్నాలు పడి బ్యాంకులన్ని ఆగిపోతయి అని లోకమంత వణికిన రోజులవి. పాత కంప్యూటర్ భాష తెలిసినోళ్లు కావాల్సి వచ్చింది. మన దిక్కు నించి మీసాలు సరిగ రాని ఇంజినీర్లు విమానాలు నిండి దిగుతుంటే, వాళ్ల నడుమ యాభై దాటిన ఈయన ఒక్కడు దిగిండు. నేను అప్పటికి వర్క్ పర్మిట్ మీద ఉన్న. రాఫెల్స్ ప్లేస్‌ల ఒక బ్యాంకు ఆఫీసుల నేల కింద తీగలు లాగే పని. అక్షరం రాదు. తర్వాత నేర్చుకున్న.

మొదటిసారి చూసినప్పుడు ఆయన మోకాళ్ల మీద ఉన్నడు. ఆ ఆఫీసుల నేల అసలు నేల కాదు. జానెడున్నర ఎత్తుల పలకలు పరిచి ఉంటయి, పలక లేపితే కింద తీగలు, పైపులు. నేను నాలుగు పలకలు లేపి పెట్టి, చాయ తాగి వచ్చేసరికి టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నా పైపు మూతి కాడ చెవి పెట్టి ఉన్నడు. చేతిల పెన్సిల్. నేను చూస్తుండంగనే ఆ పెన్సిల్‌ను పైపుల జారవిడిచిండు. అది గలగల మోగుకుంట పోయి ఎక్కడనో టుక్కుమని ఆగింది.

"ఖాళీ లేదు," అన్నడు ఇంగ్లీషుల, తనకు తానే.

"ఇందాక దాక ఖాళీనే ఉండె. ఇప్పుడు మీ పెన్సిల్ ఉంది," అన్న నేను తెలుగుల, ఆయనకు రాదనుకోని.

ఆయన లేవలేదు. తల మాత్రం తిప్పిండు. "ఏ ఊరు తమ్మీ?"

చెప్పిన. జగిత్యాల దగ్గర అన్న.

"కోట మీద అన్ని ఫిరంగులు పెట్టుకున్న జగిత్యాలోనివి అయ్యి పైపు మాట వినొస్తలేదా? ఖాళీ పైపుల పెన్సిల్ పడితే ఆఖరి దాక మోగాలె. ఇది నడుమల మూగపోయింది. గడ్డ ఉన్నది లోపల."

పెన్సిల్ తీసి చూస్తే, సిమెంటు గడ్డ ఉన్నమాట నిజమే. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. "ఉంటే ఉంటది, నా పని నాకు తెలుసు సాబ్," అన్న. సాఫ్ట్‌వేరోళ్లంటే అప్పట్ల నాకు మంచి అభిప్రాయం లేదు, దాచుడెందుకు. నేల మీద తిరుగుతరు గాని నేల కింద ఏముందో ఎన్నడు అడగరు.

ఈయన అడిగిండు. ఆ దినం నించి రోజు అడిగిండు. నేను పలక మూయబోతే చాలు, ఎక్కడున్నా వచ్చి నిలబడేటోడు. "లోపల ఏమన్న వదిలినవా? తీసినవా?" నాకు ఒళ్లు మండేది. నన్ను దొంగ అనుకుంటున్నడా, తెలివి లేనోడనుకుంటున్నడా? తర్వాత తెలిసింది, నా ఒక్కనితోనే కాదు. ఇంజినీరు పిలగాండ్లు ప్రోగ్రాం రాసి ముగిసింది అంటే వాళ్లనూ అదే అడుగుతడు. చాయ అమ్మే తమిళాయన ఫ్లాస్కు మూత పెడుతుంటే, "స్పూన్ తీసినవా?" అంటడు. ఇంజినీర్లు ఆయనకు 'తీసినవా అంకుల్' అని పేరు పెట్టుకున్నరు. ఆయనకు తెలుసు. కోపం రాలేదు. కోపం రావాల్సిన చోట ఆయన జేబు తడుముకునేటోడు.

జేబుల ఏముండేదంటే ఒక పాత అట్టముక్క, వరుసగ చిల్లులు పొడిచింది. వెనకటి కంప్యూటర్లకు అట్లాంటి అట్టల మీద చిల్లులు పొడిచి పని చెప్పేటోళ్లంట. దానికి తెల్ల నూలుదారం చుట్టి ఉంటది. దారానికి ఒక కొసన ముడి. ఎక్కడ పొడుగాటిది కనవడ్డా, ఆ దారం విప్పి కొలిచేటోడు. నా పైపులు కొలిచిండు, కర్టెన్ కడ్డీ కొలిచిండు, ఒకసారి రైల్ల నిలబడి పట్టుకునే స్తంభం కూడ కొలిచిండు. క్లెమెంటి దిక్కు పోయే రైలు, జనం నిండ ఉన్నది. నేను మొహం తిప్పుకున్న.

"సాబ్, ఇది దేనికి?" అని చివరికి అడిగిన.

"మా పెద్దాయనకు చేతికర్ర," అన్నడు.

ఇంకొక నెలకు గాని నిజం చెప్పలే. పెద్దాయన అంటే మనిషి కాదు, తుపాకి. వాళ్ల ఇంట్ల తాత కాలం నించి ఉన్న బర్మార్ తుపాకి. మూతిలోంచి మందు పోసి, గుడ్డ కూరి, పొడుగు కడ్డీతోని దట్టించి పేల్చే రకం. గొట్టం ఒక్కటే నా భుజం దాక వస్తదట. దట్టించే ఆ కడ్డీని వాళ్లు గజం అంటరు. దట్టించేదీ అదే, పేల్చినంక గుడ్డ కట్టి గొట్టం తుడిచేదీ అదే. గజం లేని బర్మార్ తుపాకి ఉత్త గొట్టం. గజం పోయింది, ఇంకొకటి కావాలె. ఈ దేశంల తుపాకి అన్న మాట నోట్లె నించి వస్తే ఏమైతదోనని ఆయన భయం. అందుకే పెద్దాయన, చేతికర్ర.

"మన దిక్కు కర్రపని చేసే వడ్లాయనతోని చేయించరాదా?" అన్న.

"రెండు చేయించినం. ఒకటి చెమ్మకు ఉబ్బి గొట్టంల ఇరికింది, తీసేసరికి వారం. ఇంకొకటి విరిగింది. ఇనుముది మా బడే భాయ్ రానియ్యడు. ఇనుము గొట్టాన్ని గీస్తది, మందు కాడ నిప్పు రవ్వ లేపుతది. నడుమల అతికిన జోడు ఉండొద్దు, లోపల ఊడొస్తె ముక్క ఇరుక్కుంటది. వంకర ఉండొద్దు. కొసకు మర తిప్పేటట్టు పురి ఉండాలె, తుడిచే ముక్క బిగించనీకి." బడే భాయ్ అంటే వాళ్ల అన్న. ఊర్లనే ఉంటడు. తుపాకి లైసెన్సు ఆయన పేరు మీదనే. దారం కొలిచి పంపింది కూడ ఆయనే. అంగుళాలు చెప్తే తమ్ముడు తప్పు రాసుకుంటడని దారం పంపిండట.

ఇట్ల నా ఆదివారాలు పోయినయి. డార్మిటరీల పండుకునే బదులు ఆయన వెంట తిరిగిన. మక్కాన్, అంటే తిండి, ఆయన పెట్టిస్తడు, లిటిల్ ఇండియాల బిర్యానీ, అందుకు పోయిన అనుకుంటె అనుకోండ్రి. చేపల గాలాలు అమ్మే దుకాణంల కర్రలన్ని కొసకు సన్నబడ్డయి. బిలియర్డ్స్ ఆడే కర్రల నడుమల జోడు. వెదురుకు గణుపులు. ఆ వెదురు సంగతి చెప్పాలె. క్లెమెంటిల ఆయన ఒక చైనా ముసలామె ఇంట్ల గది కిరాయికి ఉండె. ఆమె కిటికీ బయటికి వెదుర్లు దూర్చి బట్టలు ఆరేస్తది, అందరి లెక్కనే. ఒక ఆదివారం ఆమె మార్కెట్టు నించి వచ్చేసరికి ఆమె తడిబట్టలన్ని సోఫా మీద, వెదురు నేల మీద, సాబ్ ఆ వెదురు పక్కన బోర్ల పండుకోని దారం పట్టుకోని ఉన్నడు. ఆమె ఏమన్నదో నాకు భాష రాదు. చీపురు ఎత్తింది మాత్రం చూసిన.

చైనాటౌన్ సందుల ఒక కర్రల దుకాణముండె. "పెద్దాయనకు చేతికర్ర కావాలె, బాగ పొడుగుది," అని ఇంగ్లీషుల చెప్పిండు. దుకాణపాయన మర్యాదస్తుడు. ముసలోళ్లంటే గౌరవం. లోపలికి పోయి చేతికర్రలు తెచ్చిండు, కింద రబ్బరు బిళ్ల, పైన చెక్కిన పిడి. సాబ్ దారం తీసే లోపలనే ఆయన వాళ్ల నాయిన కాళ్ల నొప్పుల కథ చెప్పబట్టిండు. సాబ్‌కు కాదనొస్తలేదు. కొన్నడు. అట్ల నాలుగు దుకాణాలల్ల నాలుగు చేతికర్రలు కొన్నడు. ఆయన గది మూలల నాలుగు నిలబడి ఉంటుండె.

"నడుస్తరా వీటితోని?" అన్న.

"నువ్వు నడువు. నీ వయసుకు పనికొస్తయి."

"నేను మీకంటె పదేండ్లు చిన్న."

"మాట చూస్తె అట్ల లేవు," అన్నడు.

దీపావళి ముంగట వానలు పడుతున్నయి. క్లెమెంటిల ఆయన బ్లాక్ కింద బెంచీ మీద కూసోని ప్లాస్టిక్ సంచిల పోసిన చాయ తాగుతున్నం. ఆ దినం ఆయనకు ఊరి నించి ఉత్తరం వచ్చింది. చదివి మడిచి, మల్ల తెరిచి చదివిండు. చెప్పిండు. లైసెన్సు రెన్యువల్ జనవరిల. ఈసారి ఠాణాల అడిగిండ్రట, పేలని తుపాకికి లైసెన్సు దేనికని. పనిచేస్తున్నట్టు చూపియ్యాలె, లేకుంటె జమ చెయ్యాలె. జమ చేస్తె పెద్దాయన ఇగ ఇంటికి రాడు.

"పేలక ఎన్నేండ్లయింది?" అన్న.

"ముప్పై."

"ముప్పై ఏండ్లు పేలని దానికి మీ అన్న లైసెన్సు కట్టుకుంట వచ్చిండా?"

"ఒక్కసారి వదల్లే."

నాకు ఉన్న గుణం ఏందంటే, మనసుల ఉన్నది అడిగేస్త. "సాబ్, ఆ పాత గజం ఎట్ల పోయింది?"

అంతకుముందు ఎప్పుడడిగినా పోయింది అనేటోడు, అంతే. ఆ దినం వాన తట్టు చూసుకుంట చెప్పిండు. వాళ్ల ఊర్ల రంజాన్‌ల పొద్దు కూకితే, ఒక్కపొద్దు రోజా విడవమని చెప్పనీకి వాళ్ల ఇంటి తుపాకి పేల్చేటోళ్లు. గుండు ఉండదు, మందు, గుడ్డ మాత్రమే. ఆకాశం తట్టు పెట్టి పేలుస్తె చుట్టు నాలుగు ఊర్లు విని నీళ్లు తాగేటియి. హిందువులు కూడ ఆ చప్పుడు విని బర్రెలు తోలుకొచ్చేటోళ్లు. ముందు తాత పేల్చేటోడు, తర్వాత నాయిన. ఒక ఏడు నాయినకు జ్వరం. సాబ్‌కు ఇరవై ఏండ్లు. నేను పేలుస్త అన్నడు. అన్న పేల్చాలె న్యాయంగ, తమ్ముడు ఉబలాటపడుతుంటే అన్న పక్కకు జరిగిండు. మసీదు మెట్ల మీద జనం, అందరు ఆకలి మీద ఉన్నరు, ఎవరో "పొద్దు కూకింది, కానీ, కానీ" అంటున్నరు. మందు పోసిండు, గుడ్డ కూరిండు, గజంతోని దట్టించిండు, గుర్రం అనే మీట లేపిండు, పేల్చిండు.

"గజం తియ్యలే," అన్నడు సాబ్.

గజం గొట్టంలనే ఉండిపోయింది. మందు దాన్ని బాణం లెక్క కొట్టింది. మసీదు గోడ దాటింది, అంగడి దాటింది, బావి కాడ నీళ్లు చేదుతున్న ఒకామె కొంగును రాసుకుంట పోయి చెరుకు తోటల పడ్డదట. జానెడు ఇవతల పోయి ఉంటె ఆమె లేదు. చెరుకు కొట్టినంక కూడ ఎతికిండ్రు, దొరకలే. ఆ సాయంత్రం ఊరంత రోజా విడిచింది, వీళ్ల ఇంట్ల ఎవరు ముద్ద ముట్టలే. నాయిన మంచం మీద నించి ఒక్కటే అడిగిండట.

"తీసినవా?"

అంతే. తిట్టలే, కొట్టలే. తెల్లారి తుపాకిని అన్న గోడకు ఎక్కించిండు. నాయిన పోయేదాక, పోయినంక కూడ, అన్న ఆ ఊసు తియ్యలే. తర్వాత మసీదుకు మైకు వచ్చింది. సాబ్ చదువు అని, ఉద్యోగం అని ఊరు విడిచిండు. పెండ్లిళ్లకు పోయిండు, చావులకు పోయిండు. రంజాన్‌ల మాత్రం ఒక్కసారి పోలే. ముప్పై ఏండ్లు ఆ మెట్ల మీద రోజా విడువలే.

 చాయ సంచి ఖాళీ అయింది. "నాలుగు చేతికర్రలు కొన్నరు గద, దొరుకుతది పాండ్రి," అన్న. అంతకంటె మంచి మాట నాకు రాలే.

ఆ తర్వాత పది దినాలకనుకుంట. ఆఫీసుల ఒక పాత పైపుల కొత్త తీగ లాగాలె. సాబ్ కూసునే చోటికే ఆ తీగ. పైపు నిండ సిమెంటు నీళ్లు. నేను రోజు చేసే పనే చేసిన. పాత బనీను చింపి, నా పసుపు కడ్డీ కొసకు కట్టి, పైపులకు తోసి, గుంజిన. గుడ్డ నల్లగ వచ్చింది. పారేసి ఇంకొకటి కట్టిన. తోసిన, గుంజిన. మూడోసారి కొంచెం తెల్లగ వచ్చింది. తల ఎత్తి చూస్తె సాబ్ నా మీద నిలబడి ఉన్నడు. తీసినవా అంటడనుకున్న. అనలే.

"ఇంకోసారి చెయ్," అన్నడు.

"ఏంది?"

"గుడ్డ కట్టి తోసి తియ్."

చేసిన. ఆయన మోకాళ్ల మీద కూసున్నడు, టైతోనే. "ఇది ఇనుమా?"

"ఇనుమెందుకైతది సాబ్? లోపల కరెంటు తీగలుంటయి, ఇనుము తోస్తె సస్తం. గాజునార ఇది."

"వంగుతదా?"

"వంగుతది, ఇడిస్తె సక్కగైతది."

"జోడు?"

"లేదు. చక్రం మొత్తం ఒక్కటే ముక్క."

"కొసకు?"

"ఇత్తడి బిళ్ల, పురి ఉంటది. కొక్కెం బిగిస్త నేను దాని..." అని ఆగిపోయిన.  బడే భాయ్ చెప్పిన షరతులన్ని నా నోటితోనే చెప్పిన. ఎనిమిది నెలల సంది ఆదివారం ఆదివారం ఎతికినం. సోమవారం నించి శనివారం దాక అది నా చేతులల్లనే ఉండె. ఒకసారి కాదు, వెయ్యిసార్లు నేను దానికి గుడ్డ కట్టి గొట్టం తుడిచిన. ఇంత మొద్దు మనిషిని నేను ఇంకొకణ్ని చూడలే.

 సాబ్ జేబుల నించి అట్టముక్క తీసిండు. దారం నేనే విప్పిన.

చక్రం కంపెనీది, కోస్తె నా పని పోతది. సాబ్ నేరుగ మా చైనా ఫోర్‌మన్ కాడికి పోయి, కొత్త చక్రం ఎక్కడ దొరుకుతది, కొంట అన్నడు. ఫోర్‌మన్ ఆయన మొహం చూసిండు, చేతిల దారం చూసిండు. "అంకుల్, ఎంత పొడుగు కావాలె?" అన్నడు. సాబ్ దారం చూపెట్టిండు. ఫోర్‌మన్ నవ్వి, చెత్త డబ్బాల చెయ్యి పెట్టి, పోయిన వారం తెగిపోయిన ఒక ముక్క గుంజిండు. కొసకు ఇత్తడి బిళ్ల అట్లనే ఉన్నది. "ఇది స్పాయిల్ ఆల్రెడీ. టేక్ లా."

నేల మీద పండుకోబెట్టి కొలిచినం. దారం అయిపోయినంక కూడ బెత్తెడు మిగిలింది, పట్టుకోనీకి సరిగ్గ అంతనే కావాలె. గొట్టం మూతి కొలత ఒక కాయిదం మీద గుండ్రంగ కత్తిరించి పెట్టుకున్నడు, ఆ చిల్లుల దూర్చి చూస్తె జారుకుంట పోయింది, గాలి ఆడేంత సందు ఇడిచి. ఇంజినీరు పిలగాండ్లు చుట్టు మూగి చూస్తున్నరు, ఇద్దరు పెద్దమనుషులు చెత్త డబ్బా ముక్క కాడ కూసోని ఎందుకు నవ్వుతున్నరో వాళ్లకు తెల్వదు.

గాజునార తెగిన చోట చేతికి గుచ్చుకుంటది, పిడి కావాలె. నాలుగు చేతికర్రలల్ల చెక్కిన పిడి ఉన్న ఒకదాన్ని నేనే కోసి, చిల్లు పొడిచి, కొసకు బిగించిన. ఆ పిడి మీద నెమలి తల ఉండె. బాగనే కుదిరింది.

కాని సాబ్ పోయేటట్టు లేదు. ఏడాది మారేదాక ఒక్కనికి సెలవు లేదని బ్యాంకోళ్లు ముందే చెప్పిండ్రు. హైదరాబాదుకు పోతున్న ఒక కుటుంబమోళ్లు గజం పట్టుకపోతమన్నరు. వాళ్లను సాగదోలనీకి చాంగీకి ఇద్దరం పోయినం. కౌంటర్ కాడ కూసున్న అమ్మాయి ఆ పొడుగు పొట్లం చూసి ఏందిది అన్నది. నెమలి తల పిడి బయటికి కనవడుతుండె.

"చేతికర్ర. మా పెద్దాయనకు," అన్నడు సాబ్.

"ఇంత పొడుగా?"

"ఆయన చాన పొడుగు మనిషి," అన్నడు.

ఆ అమ్మాయి చీటీ అంటించి పంపింది. తిరిగి వస్తుంటే రైల్ల ఆయన ఊకె నవ్వుకున్నడు. స్తంభం కొలిచినప్పుడు తిప్పుకున్న మొహం నేను ఈసారి తిప్పుకోలే.

గజం చేరింది. పేల్చిన కబురు మాత్రం రాలే. రంజాన్ మొదలైంది, పదిదినాలు దాటింది, పదిహేను దాటింది. ఫోన్ చేస్తె వాళ్ల వదినె చెప్పిందట. బడే భాయ్ రోజు పొద్దున గొట్టం తుడుస్తున్నడు, ముప్పై ఏండ్ల తుప్పు, గుడ్డ ఎర్రగ వస్తున్నది, గుడ్డ తెల్లగ వచ్చేదాక మందు పొయ్యనన్నడట. సాబ్ దినదినం అడుగుతడు. ఒకనాడు ఎరుపు, ఒకనాడు ఇటుక రంగు, ఒకనాడు మరకలు. ఆఫీసుల పిలగాండ్లకు కూడ సంగతి తెలిసిపోయింది. పొద్దున రాంగనే వాళ్లే అడగబట్టిండ్రు. "అంకుల్, గుడ్డ ఏం రంగు?"

ఏడాది ఆఖరి దినం వచ్చింది. ఇంకా రంజానే నడుస్తున్నది. ఆ దినం రాఫెల్స్ ప్లేస్‌ల ఏ ఆఫీసు చూసినా లైట్లు ఆరలే. పన్నెండు కొడితే ఏమైతదోనని పెద్ద పెద్దోళ్లు టైలు సదురుకోని తిరుగుతున్నరు. మాలాంటోళ్లను కూడ ఉండమన్నరు, తీగ తెగితె అతకనీకి. మధ్యాహ్నం సాబ్ నా కాడికి వచ్చి మెల్లగ చెప్పిండు. "గుడ్డ తెల్లగ వచ్చిందట."

సింగపూర్ పొద్దు ఏడు దాటంగనే కూకింది. ఆయన ఖర్జూరంతోని రోజా విడిచి నీళ్లు తాగిండు. ఇంకొక ఖర్జూరం కాయిదంల చుట్టి జేబుల పెట్టుకున్నడు. "ఇది మా ఊరి పొద్దుకు," అన్నడు. మన దిక్కు ఇంకా గంటకు పైనే ఉన్నది పొద్దు.

ఎనిమిది దాటినంక ఫోన్ కలిపిండు. పిలగాండ్లు స్పీకర్ పెట్టించిండ్రు. వాళ్ల మేనేజర్ ఏందిది అని వచ్చి, ఎవరో చెవుల చెప్తె, ఆయన కూడ నిలబడ్డడు. వదినె ఎత్తింది. ఫోన్ తీగ పొడుగు చేయించి వాకిట్లకు తెచ్చిండ్రట. వెనక జనం గుసగుస వినవస్తున్నది, ఊరంత వచ్చినట్టున్నది.

"ఏం చేస్తున్నడు వదినె?" అన్నడు సాబ్.

"మందు పోసిండు. గుడ్డ పెట్టిండు. దట్టిస్తున్నడు."

సాబ్ నోరు తెరిచిండు. ఆయన ఏం అడగబోయిండో ఆ గదిల ఉన్న అందరికి తెలుసు. ముప్పై ఏండ్లు కనవడ్డోళ్లందరిని అడిగిన మాట, అన్నను మాత్రం అడగలేకపోయిండు.  టేబుల్ అంచు పట్టుకున్నడు.

"చెవికి దూరం పెట్టుకో," అన్నది వదినె.

మేమంత గది అదిరిపోతదనుకున్నం. ఫోన్ల ఠప్ మన్నది, అంతే, పచ్చి కట్టె విరిగినట్టు, తర్వాత ఏం లేదు. లైను తెగింది అనుకున్నం. మల్ల వినవచ్చింది. ముందు కాకులు, వందల కాకులు. తర్వాత కుక్కలు. ఆ తర్వాత మనుషులు, ఒక్కసారి అందరు. అజాన్ మొదలైంది. ఎవరో ముసలాయన ఏడుస్తున్నట్టు నవ్వుతున్నడు.

 ఫోన్ల చెప్పుల చప్పుడు దగ్గరికి వచ్చింది. వదినె చేతిలోంచి ఎవరో రిసీవర్ అందుకున్నరు. ఊపిరి వినవస్తున్నది. బడే భాయ్. వాళ్ల మాట ఉర్దూల నడిచింది, నాకు అర్థమైనకాడికి రాస్తున్న.

"గజ్ మేరే హాత్ మేఁచ్ హై," అన్నడు అన్న. గజం నా చేతులనే ఉన్నది అని.

 "ఫోన్ల కనవడదు గద భాయ్," అన్నడు సాబ్.

"అట్లయితె వచ్చి చూడు," అన్నడు అన్న.

సాబ్ స్పీకర్ బందు చేసి రిసీవర్ చెవికి పెట్టుకున్నడు. తర్వాతి మాటలు మేము వినలే, వినేటియి కూడ కాదు. పన్నెండింటికి కంప్యూటర్లు ఏమి ఆగలే, పిలగాండ్లు చప్పట్లు కొట్టిండ్రు, మేనేజర్ అందరితోని చేతులు కలిపిండు. సాబ్ నాతోని కింద నేల పలకల మీద కూసోని ఉన్నడు అప్పుడు. జేబుల నించి కాయిదం తీసి, ఆ ఖర్జూరం సగం తుంచి, గింజ తీసి నాకిచ్చిండు.

"గింజ తీసినరా?" అన్న నేను.

"తీసిన," అన్నడు.

జనవరిల పెద్దాయన లైసెన్సు నిలిచింది. మరుసటి రంజాన్‌కు సాబ్ క్లెమెంటి గది ఖాళీ చేసి ఊరికి పోయిండు. మిగిలిన మూడు చేతికర్రలు ఇంటి చైనా ముసలామెకు ఇచ్చిండట. తను వచ్చేనాడే ఒకదాని మీద ఆమె బట్టలు ఆరేసిందని ఫోన్ల చెప్పి నవ్విండు, మసీదు మెట్ల మీద నించి.